వేపచెట్టు కింద డ్రిల్లు

నవలలు రాసేవాళ్ళకి మన దేశంలో రెండు శిక్షలున్నాయి. మొదటిది, రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళు "మా జీవితమే ఓ పెద్ద నవలండీ, మీరు రాసిపెట్టాలి" అనడం. రెండోది, స్కూలు వార్షికోత్సవాలకి ముఖ్య అతిథిగా పిలవడం. మొదటిదాన్నుంచి నిద్ర నటించి తప్పించుకోవచ్చు. రెండోదాన్నుంచి తప్పించుకోవడం నా వల్ల కాదు. పిల్లలు నలుగురు పూలగుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడితే రానని ఎలా అంటాం, చెప్పండి?

మొన్న ఫిబ్రవరిలో అలాగే ఓ హైస్కూలుకి వెళ్ళాను. ఊరి పేరూ, స్కూలు పేరూ చెప్పను. చెబితే ఆ హెడ్మాస్టారు నొచ్చుకుంటారు. పాపం, ఆయన చాలా మర్యాదస్తుడు. రెండుసార్లు కాఫీ ఇప్పించారు. చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా వుంది. అక్కడ మీ ఊరి స్కూలు పేరు పెట్టుకుని చదువుకున్నా ఈ కథలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

ఉపన్యాసాలయ్యాయి. బహుమతుల ఘట్టం వచ్చింది. డ్రిల్లు మాస్టారు మైకు ముందు నిలబడి జాబితా చదువుతున్నారు. వంద మీటర్ల పరుగు, బాలురు. రెండొందల మీటర్లు, బాలురు. లాంగ్‌జంప్, బాలురు. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్టు. కుర్రాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చి తళతళలాడే కప్పులు పట్టుకుపోతున్నారు. ఆ తరవాత మాస్టారు కాస్త గొంతు తగ్గించి "ఇప్పుడు బాలికల ఆటల పోటీలు" అన్నారు. మ్యూజికల్ చైర్స్. నిమ్మకాయా చెంచా. సూదిలో దారం ఎక్కించుట. ముగ్గులు.

ముగ్గు ఆట ఎప్పుడయిందో నాకు తెలియదు. ఆ లెక్కన పిండి రుబ్బడం, దుప్పట్లు పిండడం కూడా ఆటల కిందే జమకట్టి కప్పులివ్వొచ్చు. మా అమ్మకి ఇంటినిండా కప్పులుండేవి. ముగ్గంటే నాకు చులకన లేదండోయ్. చుక్కలు తప్పకుండా ముగ్గెయ్యడం గొప్ప విద్యే. కానీ అది కళల పోటీ. దాన్ని ఆటల జాబితాలో ఎందుకు పెట్టారంటే, ఆ జాబితాలో ఆడపిల్లల పేర్లు నింపడానికి వాళ్ళ దగ్గర ఇంకేమీ లేదు కాబట్టి.

ఇంతకీ ఆడపిల్లలకి కప్పులు కూడా లేవు. స్టీలు టిఫిన్ డబ్బాలు. ఇంట్లో పనికొస్తాయని కాబోలు.

నిమ్మకాయా చెంచా పందెంలో నెగ్గిన పిల్ల వేదిక మీదికి వచ్చింది. ఎనిమిదో తరగతిట. పొడుగాటి కాళ్ళు, సన్నటి ఒళ్ళు. మూడు మెట్లనీ ఒకే అంగలో ఎక్కేసి, ఏదో తప్పు చేసినట్టు చున్నీ సర్దుకుంది. డబ్బా చేతికిస్తూ "పరుగు పందెంలో చేరలేదేమమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నా వంక వింతగా చూసింది. "మాకు లేదు మేడమ్" అంది.

అంతే. ఫిర్యాదు కాదు, బాధ కాదు. సత్రంలో భోజనం అయిపోయిందా అని అడిగినవాడికి అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

సభ అయ్యాక హెడ్మాస్టారి గదిలో రెండో కాఫీ తాగుతూ ఈ సంగతే కదిపాను. ఆయన టేబుల్ అద్దం కింద పెట్టిన టైంటేబుల్ చూపించారు. "అబ్బే, మా దగ్గర భేదం లేదండీ. వారానికి రెండు పీరియడ్లు, అందరికీ సమానమే" అన్నారు.

"మరి ఆ పీరియడ్లో ఆడపిల్లలేం చేస్తారండీ?"

"గ్రౌండులోకే వస్తారండీ. అదిగో, ఆ వేపచెట్టు కింద కూర్చుంటారు. చల్లగా వుంటుంది. వాళ్ళకి ఇష్టం వుండదండీ పరిగెత్తడం."

కిటికీలోంచి చూశాను. నిజమే, చక్కటి వేపచెట్టు. చుట్టూ సిమెంటు చప్టా. నాకా చెట్టుతో పాత పరిచయం వుందనిపించింది.

మా ఊళ్ళోనూ వుండేది ఆ చెట్టు. ఏడో తరగతి దాకా నేను క్లాసులో అందరికంటే వేగంగా పరిగెత్తేదాన్ని. గొప్పకి చెప్పడం లేదు, మగపిల్లల్లో ఒక్క సారాకొట్టువాళ్ళ అబ్బాయి మాత్రమే నన్ను దాటేవాడు. వాడూ ప్రతిసారీ దాటలేదు. ఎనిమిదిలోకి వచ్చేసరికి యూనిఫాం లంగా ఓణీ అయింది. జూన్‌లో మొదటి డ్రిల్లు పీరియడ్లో మాస్టారు ఈల వేసి "గరల్స్ అటు" అని చెయ్యి చూపించారు. ఆయన చెయ్యి చూపించిన వైపు చెట్టు వుంది. అటు వెళ్ళి కూర్చున్నాం. పదో తరగతి అయ్యేదాకా లేవలేదు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు, ఆడొద్దని ఒక్క మాటయినా అనలేదు. అందుకే మాకు ఎదురు చెప్పాలని కూడా తోచలేదు. రికార్డులు రాసుకున్నాం. జడలల్లుకున్నాం. వారపత్రికలో వచ్చే సీరియల్లో హీరో ఎవరిని పెళ్ళి చేసుకుంటాడో పందేలు వేసుకున్నాం. కథ ఆగిన వారం నేనే మిగతా కథ కల్పించి చెప్పేదాన్ని. ఆ చెట్టు కిందే నేను రచయిత్రినయ్యానంటే అబద్ధం కాదు. "చూశారా, సాహిత్యానికి మేలే జరిగింది" అని మీరనొచ్చు. నాతోబాటు అక్కడ కూర్చున్న ముప్ఫైమందీ నవలలు రాయలేదు కదండీ! సారాకొట్టువాళ్ళ అబ్బాయి మాత్రం పరిగెత్తి పరిగెత్తి పోలీసు ఉద్యోగం తెచ్చుకున్నాడు.

అసలు మన పాత ఆటల్లోనే ఈ గీత గీసి వుంది, ఎప్పుడైనా గమనించారా? చిన్నప్పుడు ఆడపిల్ల ఆడే ఆటలేమిటి? తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు, కోతికొమ్మచ్చి, ఒప్పులకుప్ప, చెమ్మచెక్క. అన్నీ గెంతేవి, తిరిగేవి, ఎక్కేవి. ఒంటికాలి మీద ఎనిమిది గళ్ళు గెంతుతూ బిళ్ళని తన్నుకుపోవడం ఎంత కష్టమో ఇప్పుడోసారి ప్రయత్నించి చూడండి, తెలుస్తుంది. మరి పెద్దమనిషయ్యాక? అష్టాచెమ్మా, వామనగుంటలు, గవ్వలు, గచ్చకాయలు. అన్నీ కూర్చుని ఆడేవి. ఆట కాళ్ళలోంచి వేళ్ళలోకి వచ్చేస్తుంది. ఇంట్లో అమ్మమ్మలు గీసిన ఆ గీతని స్కూలు చెరపాల్సింది పోయి, సున్నం వేసి మరీ గీస్తోంది. అదీ నా కోపం.

"ఇంత చిన్నదానికి ఇంత కోపమా? వారానికి రెండు పీరియడ్లేగా" అంటారు. సరే, లెక్క చూద్దాం. మగపిల్లాడికి స్కూలు గ్రౌండొక్కటే దిక్కు కాదు. సాయంత్రం అయిదయ్యేసరికి వీధి వాడిది. కోతలయ్యాక చేను వాడిది. గుడి వెనకాల ఖాళీ స్థలం వాడిది. పట్నంలో అయితే అపార్టుమెంటు సెల్లారు వాడిది, కార్ల అద్దాలు కూడా వాడివే. ఆదివారం వాడు ఇంట్లో కనబడితే జ్వరం వచ్చిందేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం. అదే అయిదింటికి వాడి అక్క ఏం చేస్తూ వుంటుంది? ఆరేసిన బట్టలు తీస్తుంది, పాలు కాస్తుంది, తమ్ముడెక్కడున్నాడో చూసొస్తుంది. ఆ తరవాత ట్యూషను. వీధిలో పరిగెత్తే హక్కు ఆ పిల్లకి తమ్ముణ్ణి పిలుచుకురావడానికి మాత్రమే వుంది.

అంచేత డ్రిల్లు పీరియడు మగపిల్లాడికి విందులో వడ్డించే రెండో లడ్డూ. ఆడపిల్లకి వున్న లడ్డూ అదొక్కటే. మనం తీసేస్తున్నది ఎవరి విస్తట్లోంచో చూసుకోవద్దూ? సమానంగా ఇవ్వమంటున్నాను గాని, నిజానికి న్యాయం చెప్పమంటే ఆ పీరియడ్లలో సగానికి పైగా ఆడపిల్లలకే ఇవ్వాలి. అంత దూరం నేను వెళ్ళడం లేదు. సగం చాలు.

ఇక హెడ్మాస్టారన్న "ఇష్టం వుండదండీ" మాట. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను, తల్లుల నోట కూడా. బంతి ఒక్కసారి చేతికివ్వని పిల్లకి బంతంటే ఇష్టం లేదని మనకెలా తెలిసింది? అయిదేళ్ళపాటు పప్పులో నెయ్యి వెయ్యకుండా, వీడికి నెయ్యంటే పడదు అన్నట్టుంది. ఆ రోజు నేను కారెక్కబోతుంటే, కుర్రాళ్ళు వదిలేసిన వాలీబాల్ ఒకటి షామియానా తాడు పక్కన పడి వుంది. మన నిమ్మకాయ పిల్ల డబ్బా చంకలో పెట్టుకుని అటే వచ్చింది. అటూ ఇటూ చూసింది. బంతి తీసి, రెండుసార్లు నేలకి కొట్టి, ఒంటిచేత్తో గ్రౌండు అవతలి గోడదాకా విసిరింది. నేను చూస్తున్నానని తెలిసి నాలిక కరుచుకుని పారిపోయింది. పరుగు చూశాను లెండి. డబ్బా చంకలో వుండగానే అంత వేగం!

మాస్టారు మగవాడు, ఆడపిల్లలకెలా నేర్పుతాడన్నది ఇంకో సాకు. లెక్కలు చెప్పే మాస్టారు మగవాడు కాదా? సైన్సులో శరీర నిర్మాణం పాఠం చెప్పే మాస్టారు? వాళ్ళ దగ్గర కూర్చోవచ్చుగాని, నలభైమంది ఎదుట, ఎండలో, మైదానం నడిమధ్య ఈల వేసే మాస్టారు దగ్గర ఆడకూడదా? తల్లిదండ్రుల భయాన్ని నేను తీసిపారెయ్యను. వెకిలి మాస్టర్లూ వుంటారు, గోడెక్కి ఈలలు వేసే పోకిరీలూ వుంటారు. అయితే వాళ్ళని బయటికి పంపాలి గాని పిల్లల్ని చెట్టు కిందికి పంపడమేమిటి? వీధిలో కుక్కుందని ఇంట్లో పిల్లని కట్టేస్తామా? ఆడ డ్రిల్లు టీచర్లని ఎక్కువమందిని వెయ్యమనండి, నేనూ గొంతు కలుపుతాను. కానీ ఇక్కడో చిక్కుంది. ఇవాళ చెట్టు కింద కూర్చున్న పిల్ల రేపు డ్రిల్లు టీచరు ఎలా అవుతుంది?

బట్టల సంగతి ఇంకా విచిత్రం. చున్నీని వి ఆకారంలో మడిచి రెండు భుజాలకీ పిన్నీసులు పెట్టి, నడుముకి బెల్టు కట్టి, "ఇక పరిగెత్తు" అంటే ఎవరు పరిగెత్తగలరు? మగపిల్లలకి ఆటలరోజు నిక్కరూ బనీనూ వున్నప్పుడు ఆడపిల్లకి ఆ రోజు వదులు టీషర్టూ ట్రాకు ప్యాంటూ యూనిఫాంగా ఎందుకుండకూడదు? పైసా ఎక్కువ ఖర్చు కాదు. పూర్తిగా ఒళ్ళు కప్పే బట్టే. ఇక్కడ అడ్డం సిగ్గు కాదు, అలవాటు.

ఇక గుసగుసగా చెప్పే కారణం నెలసరి. దీన్ని గుసగుసగానే చెప్పి గుసగుసగానే వదిలేస్తారు కాబట్టి నేను కాస్త గట్టిగా అంటాను. అది జబ్బు కాదు. నొప్పి వున్న పిల్ల ఆ రోజు కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి, ఎందుకని నలుగురిలో అడక్కూడదు. లేని పిల్ల ఆడతానంటే ఆడనివ్వాలి. నెలకి రెండు మూడు రోజుల సందేహానికి మిగతా ఇరవయ్యేడు రోజులూ శిక్ష వెయ్యడం ఏ లెక్కల మాస్టారు ఒప్పుకునే లెక్క? దానికి కావలసింది నీళ్ళొచ్చే మరుగుదొడ్డి, లోపల గడియ పడే తలుపు. చెట్టు నీడ కాదు.

నీరసమంటారా, రక్తం తక్కువంటారా, అది మాత్రం నిజం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత వుందని తేలింది. అదే వయసు మగపిల్లల్లో 31 శాతం. ఈ అంకె చూసి ఆడపిల్లలు బలహీనులు అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇంట్లో గుడ్డు ఎవరి కంచంలో పడుతోందో కనిపిస్తోంది. బలహీనులైతే గుడ్డు పెట్టండి, ఆకుకూర పెట్టండి, ఐరన్ మాత్ర ఇవ్వండి. రక్తం లేదని కూర్చోబెడితే కూర్చోవడం వల్ల రక్తం వస్తుందా?

నేను బి.ఏ. చదివినదాన్ని, ఎముకల శాస్త్రం నాకు రాదు. అయినా ఈ మధ్య మోకాళ్ళ నొప్పికి చూపించుకున్నప్పుడు డాక్టరమ్మ చెప్పింది విన్నాక నాకు వేపచెట్టే గుర్తొచ్చింది. ఎముకల్లో దిట్టం చాలామటుకు ఇరవయ్యేళ్ళ లోపే చేరిపోతుందట. గెంతడం, పరిగెత్తడం, బరువు మోపడం వల్ల అది గట్టిపడుతుందట. ఆ తరవాత మనం చేసేదల్లా ఉన్నదాన్ని కాపాడుకోవడమేనట. ముట్లుడిగాక ఆడవాళ్ళలో అది త్వరగా తరిగిపోతుందట. అంటే బ్యాంకులో డబ్బు వెయ్యాల్సిన వయసులో మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి, తీసుకోవాల్సిన వయసులో "అయ్యో, ఖాతాలో ఏం లేదే" అంటున్నారన్న మాట.

పొద్దున్న ఆరింటికి మా ఊరి పార్కుకి రండి, చూపిస్తాను. చీర కుచ్చెళ్ళ కింద తెల్ల బూట్లు వేసుకుని, ఆయాసపడుతూ, మోకాళ్ళు పట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతున్న నా వయసు ఆడవాళ్ళు యాభైమంది కనబడతారు. అందరం డాక్టరు చీటీ మీద నడిచేవాళ్ళమే. పదమూడో ఏట మా చేత మాన్పించిన పరుగుని నలభై ఆరో ఏట ఫీజు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టమంటున్నారు. పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 లెక్కల ప్రకారం ప్రపంచమంతటా 11 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల్లో 85 శాతం మందికి అంత కదలిక లేదు. మగపిల్లల్లోనూ 78 శాతం మందికి లేదు. వాళ్ళ సంగతీ బాగోలేదని ఒప్పుకుంటాను. లెక్కల మాస్టారొచ్చి డ్రిల్లు పీరియడు పట్టుకుపోయే స్కూళ్ళలో అందరూ సమానంగానే నష్టపోతున్నారు. మన దేశంలో సమానత్వం ముందుగా అక్కడే వచ్చింది.

పదమూడేళ్ళన్నానా? 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణకి అప్పటికి పధ్నాలుగేళ్ళు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. అమ్మా నాన్నా వ్యవసాయ కూలీలు. ఆమెకి ఆ అవకాశం ఎక్కడ దొరికింది? ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులంలో. భువనగిరి కొండ మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్పింది ఆ చదువులో భాగంగానే. సరిగ్గా మా మాస్టారు నాకు చెట్టు చూపించిన వయసులో ఆ పిల్లకి ఎవరో కొండ చూపించారు. తేడా పిల్లల్లో వుందంటారా?

శ్రీకాకుళం వైపు వెళ్ళండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. కరణం మల్లీశ్వరిది ఆ ఊరే. ఒలింపిక్సులో ఆడవాళ్ళకి బరువులెత్తే పోటీ పెట్టడమే 2000లో, సిడ్నీలో. అంతకుముందు లేదు. "మాకు లేదు మేడమ్" అన్నమాట, ప్రపంచం మొత్తానికి. పెట్టిన ఆ మొదటి ఏడే మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన తెలుగుపిల్ల. తలుపు తీసిన రోజే లోపలికొచ్చిందంటే, అన్నాళ్ళూ గుమ్మం బయట నిలబడే వుందన్న మాట. ఆ సంవత్సరం నేను బి.ఏ.లో వున్నాను. హాస్టల్లో అందరం టీవీ ముందు కేకలు వేశాం, ఏడ్చాం. మా కాలేజీలో ఆడపిల్లలకి ఆటస్థలం లేదన్న సంగతి ఆ రోజు ఒక్కరికీ గుర్తు రాలేదు.

అలాగే మొన్న 2025 నవంబరులో ఆడవాళ్ళ క్రికెట్టు జట్టు ప్రపంచ కప్పు గెలిచింది. అందులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి వుంది. మా వీధిలో అర్ధరాత్రి దాటాక టపాకాయలు పేలాయి. పేల్చినవాళ్ళలో ఓ పెద్దమనిషి వున్నాడు. కూతురు త్రోబాల్ ఆడుతుంటే "మోకాళ్ళు చెక్కుకుపోతే రేపు ఎవడు చేసుకుంటాడు" అని మాన్పించాడాయన. సత్యభామ నరకాసురుడి సైన్యాన్ని బాణాలతో చెండాడిందని ఏటా దీపావళికి చెప్పుకుంటాం. ఆవిడ విల్లు ఎక్కడ నేర్చుకుందని ఎవరైనా అడిగారా? సాధన చెయ్యకుండానే వచ్చేసిందనుకుంటున్నాం కాబోలు. మన ఆడవాళ్ళు గెలవాలి, నేర్చుకోకూడదు.

"సరేనండీ, మల్లీశ్వరీ పూర్ణా ఎక్కడో ఒకళ్ళు, అందరూ అలా అవుతారా?" అంటారు. అవక్కర్లేదు, మహాప్రభో! లెక్కలు నేర్చుకున్నవాళ్ళంతా రామానుజాలయ్యారా? లెక్కల పీరియడ్లో సగంమంది పిల్లల్ని చెట్టు కిందికి పంపారా? పతకాల కోసం ఆటలు నేర్పమంటే అది మళ్ళీ పదిమంది కోసం తొంభైమందిని కూర్చోబెట్టడమే అవుతుంది. నేనడుగుతున్నది చేతకాని పిల్ల కోసం. లావుపాటి పిల్ల కోసం. బంతి మొహం మీదికొస్తే కళ్ళు మూసుకునే పిల్ల కోసం. ఓడిపోయి, ధూళి దులుపుకుని, మర్నాడు మళ్ళీ రావడం మగపిల్లాడికి వారానికి రెండుసార్లు నేర్పుతున్నాం. ఆడపిల్లకి ఓడిపోవడం ఎక్కడ నేర్పుతున్నాం? మొదటిసారి ఓడిపోయేది పరీక్షలోనో పెళ్ళిలోనో. అక్కడ ఓడితే ఏమవుతోందో మీకు తెలుసు, నాకూ తెలుసు.

ఆడ శరీరం తట్టుకోలేదన్న మాట కొత్తదేం కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సులో ఆడవాళ్ళు మొదటిసారి 800 మీటర్లు పరిగెత్తారు. పందెం చివర్లో అలసి కూలబడ్డారని పత్రికలు గోరంతలు కొండంతలు చేసి రాశాయి. ఆ పందెం తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. మగవాళ్ళు మారథాన్ చివర్లో కూలబడితే అది వీరత్వం! ఆ కాలంలో అంత దూరం ఆలోచించలేకపోయారనుకుందాం. మనకేం వచ్చింది?

అమెరికాలో వున్న మా చెల్లెలి కూతురు స్కూల్లో సాకర్ ఆడుతుంది. వాళ్ళ అమ్మమ్మ వీడియోలో చూసి మురిసిపోతుంది. నన్ను పరిగెత్తనివ్వని అమ్మమ్మే లెండి. అక్కడ మాత్రం పుట్టుకతో వచ్చిందా ఆ ఆట? 1972లో ఓ చట్టం చేశారు, ప్రభుత్వ డబ్బు తీసుకునే చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదని. 1971-72లో అక్కడ హైస్కూలు జట్లలో ఆడే ఆడపిల్లలు మూడు లక్షల లోపే. ఇప్పుడు ముప్ఫై లక్షలు దాటారు. ఆ పిల్లలకి హఠాత్తుగా ఇష్టం పుట్టుకొచ్చిందా, లేక గేటు తీశారా?

మన దగ్గరా చట్టం లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టంలో ప్రతి స్కూలుకీ ఆటస్థలం వుండాలనీ, ఆట సామాను వుండాలనీ రాసి వుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది పిల్లలు దాటితే ఆరోగ్య, వ్యాయామ విద్యకి బోధకుణ్ణి వెయ్యాలని కూడా వుంది. "పిల్లలు" అనే వుంది. మగపిల్లలు అని లేదు. నేను రెండుసార్లు చదివాను.

ఇక్కడిదాకా తప్పంతా హెడ్మాస్టార్లదీ డ్రిల్లు మాస్టార్లదీ అయినట్టు రాశాను. ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను ఇప్పటికి పన్నెండు నవలలు రాశాను. ఈ వ్యాసం రాయడానికి కూర్చుని వాటన్నిటినీ ఓసారి తలుచుకుంటే, ఒక్క కథానాయిక అయినా చెమట పట్టేలా ఆడిన ఘట్టం లేదు. కాలేజీలో పాటల పోటీలో గెలిచింది, వక్తృత్వంలో గెలిచింది. పరిగెత్తింది ఒక్కచోటే, కదిలిపోతున్న రైలు వెనకాల, హీరో కోసం. అక్కడ కూడా కాలు బెణికించాను.

అది కూడా పెద్ద నేరం కాదు. ఇది వినండి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన ఏడాది మా ఆడపడుచు కూతురి పెళ్ళి వచ్చింది. పిల్ల ఎండలో ఆడి నల్లబడిపోతోంది, పెళ్ళిలో ఫోటోలు బాగా రావని మా అత్తగారు అన్నారు. అత్తగారి మీద తోసెయ్యడం తేలిక. చీటీ రాసింది నేను. "కడుపు నొప్పి కారణంగా మా అమ్మాయిని వారంపాటు డ్రిల్లు క్లాసునుంచి మినహాయించ ప్రార్థన." చక్కటి దస్తూరీతో, కింద సంతకంతో. పెళ్ళయింది, ఫోటోలు వచ్చాయి, ఆల్బం బీరువాలో వుంది. ఆ వారం కాస్తా నాలుగు నెలలయిందన్న సంగతి నాకు తరవాతెప్పుడో తెలిసింది. దాని స్థానంలో జట్టులోకి ఇంకో అమ్మాయిని తీసుకున్నారట. ఇది అరుగు మీద కూర్చుని స్కోరు రాస్తోందిట. "నాతో చెప్పలేదేమే?" అంటే, "నువ్వేగా రాసిచ్చావు" అంది. ఆ గొంతు నాకు తెలుసు. "మాకు లేదు మేడమ్" అన్న గొంతే. కోపం లేదు, బాధ లేదు.

నా మాస్టారు చెయ్యి ఎత్తి చెట్టు చూపించారు. నేను కలం ఎత్తి చూపించాను.

అంచేత మొన్న ఆ హెడ్మాస్టారు వచ్చే ఏడాదికి కూడా నన్నే పిలుస్తామని ఫోను చేస్తే, వస్తానన్నాను, ఒక్క షరతు మీద. అదే గ్రౌండులో, అదే సున్నం గీతల మధ్య, ఆడపిల్లలకి వంద మీటర్ల పరుగు పెట్టాలి. గెలిచినవాళ్ళకి కప్పే ఇవ్వాలి, డబ్బా కాదు. ఆ ఒక్క రోజు పెట్టడం కాదు, జూన్ నుంచీ వారానికి రెండు పీరియడ్లూ వాళ్ళ చేతికి బంతి ఇవ్వాలి. పది బంతులుంటే అయిదు. ఒక్కటే వుంటే ఓ పీరియడు వీళ్ళది, ఓ పీరియడు వాళ్ళది. చిన్న క్లాసుల్లో అయితే కలిసే ఆడమనండి, ఏం కొంప మునగదు. ఆయన కాసేపు ఆగి "చూద్దామండీ" అన్నారు. "చూడ్డం కాదండీ, నేను ఆ పొడుగుకాళ్ళ పిల్లకి మాటిచ్చాను" అన్నాను. ఇవ్వలేదు నిజానికి. రచయిత్రిని కదా, ఆపాటి కల్పించగలను.

మా అమ్మాయి స్కూలుకి కూడా ఇంకో చీటీ రాశాను. కడుపు నొప్పి తగ్గిందనీ, ఇకమీదట ఎండకి నల్లబడినా, మోకాళ్ళు చెక్కుకుపోయినా మాకు అభ్యంతరం లేదనీ, దాన్ని స్కోరు పుస్తకం దగ్గర్నుంచి లేపి ఆటలోకి పంపమనీ రాశాను. అది చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "మరి చెమట పట్టిన బట్టలు రోజూ ఎవరు ఉతుకుతారు?" అంది.

"మీ నాన్న" అన్నాను.